ఏడు లెక్క లూప్ ఎందుకు కుంటుతుంది?

క్లుప్తంగా: ల్యాప్‌టాప్‌లో పాట కట్టేటప్పుడు దెబ్బల లెక్క చెప్పే టైమ్ సిగ్నేచర్ గడిలో 4/4 తీసేసి 7/8 పెట్టినంత మాత్రాన మిశ్ర చాపు (3+4గా విరిగే ఏడు లెక్క తాళం) రాదు. ఆ గడి కొలబద్దను మారుస్తుందంతే. ఏడుని ఎక్కడ విరవాలో, సమం (తాళం మొదలయ్యే దెబ్బ) ఎలా వినిపించాలో అది చెప్పదు. డ్రమ్ మెషీన్, సంగీత యంత్రాలని ఒకే వేగంలో నడిపే మిడి క్లాక్, డీజే మిక్సింగ్ మూడూ నాలుగు లెక్కకి అలవాటుపడ్డవే. అయితే 4/4ని కదపకుండానే లోపల ఐదునీ ఏడునీ నడిపే దారి కర్ణాటక లయలో ఎప్పటినుంచో ఉంది.

"దేశమును ప్రేమించుమన్నా, మంచియన్నది పెంచుమన్నా." స్కూల్లో ఈ పాట పాడని తెలుగువాళ్లు తక్కువ. వేళ్ల మీద మాత్రలు లెక్కపెడితే 'దేశ' మూడు, 'మును ప్రే' నాలుగు, 'మించు' మూడు, 'మన్నా' నాలుగు. మూడూ నాలుగూ కలిసి ఏడు, ఆ ఏడు రెండుసార్లు తిరిగితే ఒక పాదం. గురజాడ ముత్యాల సరం ఛందస్సు నడిచేది ఈ మిశ్రగతిలోనే. పాడే పిల్లలకి అదేదో కష్టమైన లెక్కని ఎవరూ చెప్పరు, వాళ్లకీ అనిపించదు.

అదే ఏడు బెంగళూరులో ఏ మారతహళ్లి పీజీ గదిలోనో, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న కుర్రాడి ల్యాప్‌టాప్‌లో 7/8 లూప్‌గా మారేసరికి కుంటుతుంది. ఎక్కడో ఒక దెబ్బ ఊడిపోయినట్టు, పాత సీడీ గెంతినట్టు వినిపిస్తుంది. చిన్నప్పుడు నాలుగేళ్లు మృదంగం నేర్చుకున్నవాళ్లకీ ఇదే అనుభవం. లోపం చెవిలో లేదు. కొంత యంత్రం తయారైన తీరులో ఉంది, కొంత డాన్స్ ఫ్లోర్ అలవాటులో ఉంది. అన్నిటికన్నా ఎక్కువగా, తాళానికీ టైమ్ సిగ్నేచర్‌కీ మధ్య ఉన్న తేడాని పట్టించుకోకపోవడంలో ఉంది.

ఆ గడిలోని అంకె చెప్పేదెంత

7/8లో పై అంకె ఎన్ని దెబ్బలో చెబుతుంది, కింది అంకె ఆ దెబ్బ ఎంత పొడవో చెబుతుంది. కింద 2, 4, 8, 16 లాంటివే వస్తాయి. మిడి ఫైల్‌లో కింది అంకెని రెండు యొక్క ఘాతంగా దాచుకుంటారు కాబట్టి అక్కడ 3గానీ 5గానీ పెట్టే వీలే లేదు. 7/8 అని టైప్ చేయగానే సాఫ్ట్‌వేర్ చేసేది ఒక్కటే, ఏడేసి ఎనిమిదో వంతులకి ఒక గీత గీస్తుంది (రెండు గీతల మధ్య ముక్కే బార్). మెట్రోనోమ్ సాధారణంగా ఒకటి మీద గట్టిగా, మిగతా ఆరింటి మీద ఒకే తీరుగా టిక్కుమంటుంది. అంతకుమించి దానికేమీ తెలియదు.

గ్రీకుల కలమతియానోస్ నృత్యం 3+2+2, బల్గేరియా రాచెనిత్సా 2+2+3. కాగితం మీద రెండూ ఏడే. కాళ్లకి మాత్రం రెండూ వేర్వేరు నాట్యాలు. "తకిట తక తక" అనీ, "తక తక తకిట" అనీ పైకి పలికి చూస్తే ఎవరికైనా ఆ తేడా తెలిసిపోతుంది. యంత్రానికి రెండూ ఒకటే.

తాళం పద్ధతి వేరు. అందులో పేరుతోపాటే విరుపు వచ్చేస్తుంది. ఆది తాళం ఎనిమిది అక్షరాలంటే (అక్షరమంటే ఇక్కడ ఒక లెక్క) ఊరికే ఎనిమిది కాదు, నాలుగు అక్షరాల లఘువు (ఒక దెబ్బ, ఆపై వేళ్ల లెక్క), ఆ మీద రెండేసి అక్షరాల ద్రుతాలు రెండు (దెబ్బ, విసురు), 4+2+2. తిస్ర జాతి త్రిపుటకి ఏడు అక్షరాలు, మిశ్ర జాతి ఏకానికీ ఏడే. మొదటిది 3+2+2, రెండోది ఏకంగా ఏడక్షరాల ఒకే లఘువు. చెయ్యి వేసే తీరే వేరు. ఏడు తాళాలకి ఐదేసి జాతులు (లఘువు పొడవులు) చొప్పున ముప్పై అయిదు తాళాలు లెక్కకొచ్చింది ఈ విరుపుల వల్లే. వీటిని భిన్నంగా రాసి ఒక గడిలో ఇరికించగానే పోయేది సరిగ్గా ఆ విరుపే.

పదహారు గడుల పెట్టె

ఎలక్ట్రానిక్ బీట్‌కి రూపం ఇచ్చిన పెట్టెల్లో 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808 ముఖ్యమైనది. దాని కింది వరుసలో పదహారు బటన్లు, నాలుగేసి ఒక్కో రంగులో. ఈ రోజు చాలామంది పాట కట్టడానికి వాడే సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎల్ స్టూడియోలోనూ పదహారు గడులు నాలుగేసి చొప్పున రంగు మారుతూ కనిపిస్తాయి. చెవి వినకముందే కన్ను నాలుగుకి అలవాటుపడుతుంది. గడుల సంఖ్య తగ్గించుకునే వీలు ఉందిగానీ, తగ్గించే పద్ధతిలోనే తప్పు మొదలవుతుంది.

సాధారణంగా చేసేది ఇదీ: పదహారు గడుల బీట్ తయారుగా ఉంటుంది, కిక్ (లావుపాటి డ్రమ్ దెబ్బ) 1, 5, 9, 13 మీద పడుతుంటుంది. చివరి రెండు గడులు కత్తిరిస్తే పద్నాలుగు మిగులుతాయి, రెండేసి గడులకి ఒక దెబ్బ చొప్పున 7/8. కాగితం మీద లెక్క సరిపోయింది. వినేవాడికి అందేది మాత్రం 4+4+4+2. మూడు అడుగులు నిండుగా పడి, నాలుగో అడుగు సగంలోనే తెగుతుంది. చెవి ఎనిమిదో దెబ్బ కోసం సిద్ధంగా ఉంటుంది, అది రాకుండానే మళ్లీ ఒకటి వచ్చి పడుతుంది. కుంటు అంటే అదే.

అవే పద్నాలుగు గడుల్లో కిక్‌ని 1, 7 మీద, స్నేర్‌ని (చురుకైన డ్రమ్ దెబ్బని) 11 మీద పెడితే దూరాలు 6, 4, 4 అవుతాయి. హైహ్యాట్ తాళం చిప్పలు బేసి గడుల మీద నడుస్తుంటే "తకిట తక తక" స్పష్టంగా వినిపిస్తుంది. టెంపో మారలేదు, శబ్దాలు మారలేదు, కుంటు పోయి ఊగు వచ్చింది. బేస్ కూడా ఆ 7 దగ్గరో 11 దగ్గరో స్వరం మార్చాలి. డ్రమ్స్ మిశ్రంలో ఉండి బేస్ ఇంకా నాలుగేసి గడులకి మారుతుంటే మళ్లీ మొదటికే వస్తుంది వ్యవహారం. చాలా లూప్‌లు చెడిపోయేది ఇక్కడే, డ్రమ్స్ దగ్గర కాదు.

కుంటు ఎప్పుడూ తప్పే అనలేం. కెనడాకి చెందిన వెనీషియన్ స్నేర్స్ ఏడు లెక్కలో విరిచి ముక్కలు చేసిన డ్రమ్స్‌తోనే పేరు తెచ్చుకున్నాడు. అక్కడ ఆ తొట్రుపాటే కావలసింది. మిశ్ర చాపు హాయి కావాలనుకుని ఆ తొట్రుపాటు తెచ్చుకుంటేనే చిక్కు.

యంత్రాల మధ్య మాట్లాడుకునే భాష అయిన మిడి 1983లో వచ్చింది. దాని క్లాక్ ఒక క్వార్టర్ నోట్‌కి, అంటే 4/4లో ఒక దెబ్బకి, 24 తట్లు కొడుతుంది. 24ని మూడుతో, నాలుగుతో శేషం లేకుండా భాగించవచ్చు. ఐదుతో, ఏడుతో భాగిస్తే మిగిలిపోతుంది. అంటే తిస్రం (మూడు), చతురస్రం (నాలుగు) ఆ క్లాక్‌లో ఇమిడిపోతాయి, ఖండం (ఐదు), మిశ్రం (ఏడు) ఇమడవు. పైగా ఆ తట్ల వెంట టైమ్ సిగ్నేచర్ ప్రయాణం చేయదు. ల్యాప్‌టాప్‌లో 7/8 నడుస్తోందన్న సంగతి పక్కన వైరుతో కలిపిన డ్రమ్ మెషీన్‌కి తెలియనే తెలియదు. దాని పదహారు అది తిప్పుకుంటూ పోతుంది.

నేటి సాఫ్ట్‌వేర్‌కి ఈ ఇబ్బంది నిజానికి లేదు. క్వార్టర్‌ని 480 ముక్కలు చేసే చోట ఐదో వంతు సరిగ్గా 96 ముక్కలు. ఏడో వంతు 68.57 వస్తుందిగానీ, 120 టెంపోలో (నిమిషానికి 120 దెబ్బలు) ఒక ముక్క సుమారు ఒక మిల్లీసెకను, ఆ తేడా ఏ చెవికీ అందదు. అడ్డం గ్రిడ్ మెనూయే. అందులో మామూలు గీతలు, ట్రిప్లెట్ గీతలు మాత్రం సిద్ధంగా ఉంటాయి. ఐదు కావాలంటే వెతుక్కోవాలి.

నడక వేరు, తాళం వేరు

అన్నిటికన్నా ఎక్కువ తికమక ఇక్కడ. ఖండ నడక కావాలని 5/4 పెట్టేవాళ్లు చాలామంది. రెండిటికీ పోలిక ఐదు అన్న అంకె వరకే. 5/4లో దెబ్బలే ఐదు, ఒక్కో దెబ్బ లోపల ఎప్పటిలాగే నాలుగు. ఖండ నడకలో ఆది తాళం దెబ్బలు ఎనిమిదికి ఎనిమిదీ అలాగే ఉంటాయి, ఒక్కో దెబ్బ లోపల నాలుగుకి బదులు ఐదు పడతాయి. తాళం వేసే చెయ్యి కదలదు, లోపలి ఇసుక మారుతుంది. టైమ్ సిగ్నేచర్ గడికి నడక అనే ఊహే లేదు.

దీనికి టెంపోతో ఒక ఉపాయం ఉంది. 120 టెంపోలో ఒక దెబ్బ అర సెకను. అందులో ఐదు పట్టాలంటే ఒక్కోటీ 0.1 సెకను. ప్రాజెక్ట్‌ని 150 టెంపోకి పెడితే పదహారో వంతు సరిగ్గా 0.1 సెకను వస్తుంది. ఇక ఐదేసి పదహారో వంతులకి ఒక కిక్ వేస్తే వినేవాళ్లకి కిక్ 120లోనే నడుస్తుంది, దాని లోపల "తకతకిట తకతకిట" పరుగెడుతుంది. ఎనిమిది కిక్‌లకి నలభై గడులు, నాలుగు సెకన్లకి ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు. లూప్ పొడవు నలభై పెట్టుకోవాలి.

ఇలా చేశాక కొన్ని పరికరాలు మాట వినవు. స్వింగ్ నాబ్ సరిసంఖ్య గడులని కాస్త వెనక్కి లాగుతుంది. ఐదేసి గుంపుల్లో ఒక గుంపుకి సరి అయినది తర్వాతి గుంపుకి బేసి అవుతుంది కాబట్టి నడకంతా చెదిరిపోతుంది, దాన్ని ఆపేయాల్సిందే. శబ్దాన్ని నెమ్మదిగా అటూ ఇటూ ఊపే ఎల్ఎఫ్ఓలు టెంపోతో నడిచేటప్పుడు కొన్ని ప్లగిన్లలో "ఒక బార్" అంటే నాలుగు దెబ్బలనే అనుకుంటాయి. ప్రతిధ్వనిలా శబ్దాన్ని మళ్లీ వినిపించే డిలే సంగతి ఇంకా తమాషా. ఏబుల్టన్ లైవ్ అనే సాఫ్ట్‌వేర్‌లోని డిలేలో పదహారో వంతుల బటన్లు 1, 2, 3, 4, 5, 6, 8, 16 అని ఉంటాయి. ఖండానికి బటన్ ఉంది, మిశ్రానికి లేదు. ఏడు కావాలంటే టెంపోతో ముడి (సింక్) తీసేసి మిల్లీసెకన్లలో చేత్తో పెట్టుకోవాలి, 120 టెంపోలో ఏడు పదహారో వంతులంటే 875.

చెవి నేర్చుకున్నదీ, కాలు ఒప్పుకోనిదీ

బేసి లెక్కకి మనిషి చెవి సహజంగానే ఒప్పుకోదన్న వాదన తరచూ వినిపిస్తుంది. 2005లో ఎరిన్ హానన్, సాండ్రా ట్రెహబ్ ప్రచురించిన పరిశోధన దానికి ఎదురుగా ఉంది. ఉత్తర అమెరికాలో ఆరు నెలల పసిపిల్లలు తమ ఊరి తీరు లయలోని మార్పునీ, బాల్కన్ తీరు బేసి లయలోని మార్పునీ ఒకేలా పసిగట్టారు. ఏడాది వయసుకి వచ్చేసరికి తమ ఊరి లయ వైపు మొగ్గారు. అంటే నాలుగు పుట్టుకతో వచ్చినది కాదు, వింటూ వింటూ అలవాటైనది.

బెంగళూరులో ఆ అలవాటు రెండు రకాలుగా సాగుతుంది. చామరాజపేటలో శ్రీరామసేవా మండలి 1939 నుంచి జరుపుతున్న రామనవమి కచేరీల్లో మిశ్ర చాపు కీర్తన ఎత్తుకోగానే శ్రోతల చేతులు వాటంతట అవే తొడల మీద పడతాయి. పాడేది తెలుగు కీర్తనే అయి ఉండే అవకాశం ఎక్కువ. అక్కడికి కొన్ని మైళ్ల దూరంలో ఇందిరానగర్ పబ్‌లో కిక్ తెల్లవార్లూ కాకపోయినా మూసేవేళ దాకా నాలుగులోనే కొడుతుంది. రెండు చోట్లకీ వెళ్లే మనిషి ఒకడే కావచ్చు. కచేరీలో ఏడు హాయిగా ఉన్నవాడికి పబ్‌లో అదే ఏడు ఎందుకు అడ్డుపడుతుందంటే, ఇక్కడ తాళం వేసేది చెయ్యి కాదు, కాలు. కుడి ఎడమల కాళ్లకి సరిసంఖ్య కావాలి. ఏడులో ప్రతి ఆవర్తనానికీ సమం కాలు మారుతుంది. బాల్కన్ పల్లెల్లో పొడుగు అడుగు, పొట్టి అడుగు అని నేర్చుకుని దాన్ని దాటేశారు. పబ్‌లో నేర్పేవాళ్లుండరు.

డీజేకి ఉన్న ఇబ్బంది శుద్ధ అంకగణితం. రెండు పాటలని కలపాలంటే వాటి బార్‌లు ఒకదానిమీద ఒకటి కూర్చోవాలి. పదహారు గడుల పాట మీద పద్నాలుగు గడుల పాటని వేస్తే రెండు సమాలూ మళ్లీ కలిసేది 112 గడుల తర్వాత, అంటే అటు ఏడు బార్‌లకీ ఇటు ఎనిమిది బార్‌లకీ. 120 టెంపోలో 14 సెకన్లు. కలిసిన మరుక్షణం మళ్లీ విడిపోతాయి. డీజేలు పాట మార్చేది ఎనిమిది, పదహారు, ముప్పై రెండు బార్‌ల కొసన. ఆ కొసల్లో ఏదీ ఏడుతో తెగదు. అందుకే ఏడు లెక్క పాటకి సెట్ మొదట్లోనో చివర్లోనో తప్ప మధ్యలో చోటు దొరకడం కష్టం.

ఒకసారి బీట్ల గొడవ చట్టం దాకా కూడా వెళ్లింది. 1994లో బ్రిటన్ చేసిన ఒక చట్టం రేవ్ పార్టీల మీద ఆంక్షలు పెడుతూ, సంగీతాన్ని "తిరిగి తిరిగి వచ్చే బీట్లు" అన్న లక్షణంతో నిర్వచించింది. ఒటెకర్ అనే ఎలక్ట్రానిక్ సంగీత జంట, ఏ రెండు బార్‌లూ ఒకేలా ఉండకుండా ఒక ట్రాక్ చేసి అదే ఏడాది విడుదల చేసింది. వాయించే డీజేలు పక్కన ఒక లాయర్‌నీ ఒక సంగీత శాస్త్రవేత్తనీ ఉంచుకోవాలని సలహా కూడా అచ్చువేసింది.

రాగం వచ్చింది, తాళం ఆగింది

మన దేశంలో సింథసైజర్, రాగం కలిసిన కథలో చరణ్‌జిత్ సింగ్ పేరు ముందు వస్తుంది. ముంబైలో 1982లో ఆయన రోలాండ్ జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808 పెట్టుకుని పది రాగాలని డిస్కో బీట్ మీద వాయించి రికార్డు చేశారు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం దాన్ని యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతానికి ముందుమాటలాగా విని ఆశ్చర్యపోయింది. ఒక సంగతి మాత్రం అంతగా చర్చకి రాలేదు. పెట్టెలోకి వెళ్లింది రాగం ఒక్కటే, తాళం డిస్కోదే. ఆ తర్వాత వచ్చిన ఫ్యూజన్‌లో పెద్ద భాగం ఇదే బాట పట్టింది. హిందోళం ఆలాపన, కింద దబ్ దబ్ కిక్.

మనుషులు ఎదురెదురుగా కూర్చున్నచోట ఇలా జరగలేదు. 1964లో బెంగళూరులో మొదలైన కర్ణాటక కాలేజ్ ఆఫ్ పెర్కషన్ బృందం జాజ్ సాక్సఫోన్ కళాకారుడు చార్లీ మరియానోతో కలిసి వాయించినప్పుడు తాళాలు తాళాలుగానే వెళ్లాయి. జతి చెప్పే మనిషి గదిలో ఉంటే అవతలివాడు వింటూ పట్టుకుంటాడు. గ్రిడ్‌కి ఆ ఓపిక లేదు.

చిత్రమేమిటంటే తాళాన్ని పేరుతో అడిగితే పలికే ఎలక్ట్రానిక్ పెట్టె కూడా ఈ ఊరిదే. 1979లో ఎలక్ట్రానిక్ తంబూరా తెచ్చిన బెంగళూరు ఇంజినీర్ జి. రాజ్ నారాయణ్ సంస్థ రాడెల్ నుంచే తాళోమీటర్ వచ్చింది. భిన్నాలు అక్కర్లేదు, మిశ్ర చాపు అని ఎంచుకుంటే చాలు. సంగీతం నేర్చుకునే ఇళ్లలో సాధనకి పనికొచ్చే సాధనం అది, పాట కట్టడానికి కాదు. పాట కట్టే సాఫ్ట్‌వేర్‌లో ఆ మెనూ ఇప్పటికీ కనిపించదు.

దానికి కాస్త దగ్గరగా వచ్చినవి యూక్లిడియన్ సీక్వెన్సర్లు. ఇన్ని గడుల్లో ఇన్ని దెబ్బలు వీలైనంత సమదూరంలో పరచమని అడగడమే వాటి పని. ఈ పరుపుకీ లోకంలోని జానపద లయలకీ ఉన్న పోలికని గాడ్‌ఫ్రీడ్ టూసాన్ 2005లో చూపించారు. ఐదు గడుల్లో రెండు దెబ్బలు అడిగితే 2+3, అచ్చంగా ఖండ చాపు. ఏడులో మూడు అడిగితే 2+2+3. దాన్ని తిప్పి 3+2+2 చేసుకుంటే మిశ్ర చాపు. విరుపు గురించి ఆలోచించే సాధనాల్లో ఇదొకటి.

నాలుగుని కదపకుండా

డాన్స్ ఫ్లోర్‌నీ, ఏడునీ రెండిటినీ వదులుకోకూడదంటే రెండు దారులున్నాయి. మొదటిది కిక్‌ని ఆపకుండా నడపడం. పాట 7/8లో ఉన్నా కిక్ మాత్రం క్వార్టర్‌కొకటి చొప్పున పడుతూ పోతే, మొదటి ఆవర్తనంలో 1, 3, 5, 7 మీద పడుతుంది, రెండో ఆవర్తనంలో 2, 4, 6 మీద పడుతుంది, మూడో దానికి మళ్లీ సమానికి చేరుతుంది. ఒకసారి సమం మీద, ఒకసారి సందులో. కాలికి ఆధారం దొరికింది, పైన సింథ్ ఏడులో తిరుగుతూనే ఉంది. వినేవాడు ఏది ఎంచుకుంటే అది వినిపిస్తుంది.

రెండోది మన మృదంగ విద్వాంసులు రోజూ చేసేది. టైమ్ సిగ్నేచర్ 4/4గానే ఉంటుంది, ముక్తాయింపు (ఒకే మాటని మూడుసార్లు చెప్పి సమానికి చేర్చే ముగింపు) లోపల లెక్క మారుతుంది. రెండు బార్‌లంటే 32 గడులు. పది గడుల మాట, ఒక గడి విరామం, మళ్లీ పది, మళ్లీ ఒకటి, మళ్లీ పది. 10+1+10+1+10 సరిగ్గా 32. ఆ పది గడుల మాట "తకతకిట తకతకిట" అయితే 120 టెంపోలో నాలుగు సెకన్లపాటు ఖండం నడిచి, 33వ గడి సమం మీద దిగుతుంది. ఎలక్ట్రానిక్ పాటలో డ్రాప్‌కి (బీట్ మళ్లీ పూర్తిగా దిగే చోటుకి) ముందు స్నేర్ రోల్ వేసే చోట దీన్ని పెడితే పని అదే, రుచి వేరు. స్నేర్ రోల్ టెన్షన్ పెంచుతుందేగానీ ఎక్కడ దిగుతుందో ఊహించడానికేమీ మిగల్చదు. ముక్తాయింపు మొదటిసారికి చెవిని తప్పుదారి పట్టిస్తుంది, రెండోసారికి అనుమానం తెప్పిస్తుంది, మూడోసారికి దొరికిపోతుంది. ఆరు గడుల మాటకి ఏడు గడుల విరామం పెట్టినా 32 వస్తుంది, మాట మధ్య నిశ్శబ్దం పొడుగైనకొద్దీ పట్టు పెరుగుతుంది. డీజేకి ఈ పాటతో ఏ ఇబ్బందీ లేదు, బార్‌లు చెక్కు చెదరలేదు.

పూర్తిగా 7/8లో ఉన్న పాటకి విలువ లేదని దీనర్థం కాదు. హెడ్‌ఫోన్స్‌లో వినే పాటకి, నాట్యానికో షార్ట్ ఫిల్మ్‌కో చేసే సంగీతానికి డీజే లెక్కలు అడ్డురావు. అక్కడ విరుపు ఒక్కటి సరిగ్గా ఉంటే చాలు.

మృదంగం స్టూడియోకి వచ్చినప్పుడు

ప్రోగ్రామ్ చేసిన ట్రాక్ మీద మృదంగమో ఘటమో రికార్డు చేసేటప్పుడు ఈ విషయం బయటపడుతుంది. కళాకారుడి హెడ్‌ఫోన్స్‌లో వెళ్లేది క్లిక్. ఏడు టిక్కుల్లో మొదటిది గట్టిగా, మిగతా ఆరూ ఒకటే. 3+4 అనుకుని ఆయన ఎత్తుకుంటారు, ప్రోగ్రామ్ చేసినవాడి బేస్ 4+3లో, అంటే విలోమ చాపులో ఉంటుంది. ఇద్దరి లెక్కా ఏడే, ఇద్దరూ సమానికి సరిగ్గానే వస్తారు, మధ్యలో మాత్రం కొట్లాట. నాలుగైదు టేకులు పోయాక ఎవరో ఒకరు "ఒకసారి నోటితో చెప్పండి" అంటారు. అప్పుడు మైకు ముందు నిలబడి "తకధిమి తకిట" అని రెండు ఆవర్తనాలు చెప్పి, ఆ గొంతునే లూప్ చేసి క్లిక్ బదులు పంపిస్తే తర్వాతి టేక్ సాధారణంగా సరిపోతుంది.